వాడకుండా మిగిలింది

తెల్లవారుజామున, ఫోన్లు ఇంకా మోగని వేళ, అప్పు గురించి కూడా కాస్త నెమ్మదిగా ఆలోచించవచ్చు.

ముంబైలో సేనాపతి బాపట్ మార్గ్ పొడవునా ఒకప్పుడు బట్టల మిల్లులు. కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చి వర్లి చాళ్లలో దిగిన పద్మశాలీలకు ఆ మిల్లులే అన్నం పెట్టాయి. 1982 జనవరిలో మొదలైన సమ్మెతో ఆ బతుకు చెదిరింది. ఇప్పుడు అదే రోడ్డు మీద ఓ టవర్‌లో సిబిల్ ఆఫీసు ఉంది. మనిషి అప్పు నడవడికను 300 నుంచి 900 మధ్య ఒక్క అంకెగా చెప్పే చోటు.

ఆ అంకెలో, అంటే స్కోరులో, నన్ను ఎక్కువగా ఆపేది క్రెడిట్ కార్డు వాడకం. లక్ష లిమిట్‌లో 80 వేలు వాడి, గడువులోపే పైసా మిగల్చకుండా కట్టినా, బ్యాంకు వివరాలు పంపిన నాటికి బాకీ 80 వేలు ఉంటే స్కోరు తగ్గొచ్చు. తప్పేమీ జరగలేదు. వర్లి సముద్రం పోటు మీదున్నప్పుడు అల గోడ అంచుదాకా వచ్చి ఆగుతుంది. దాటకపోయినా చూసేవాళ్లు ఓ అడుగు వెనక్కి జరుగుతారు. వాడకం లిమిట్‌లో 30 శాతం లోపు ఉంటే మేలంటారు గానీ, వాడకం పెరిగేకొద్దీ అనుమానమూ పెరుగుతుందన్నదే అసలు సంగతి అనిపిస్తుంది. ఉన్నదంతా వాడేసిన మనిషికి రేపు పని పోతే ఏం మిగులుతుంది? ఇంట్లో పెద్దవాళ్లూ అదే అడిగేవారు.

ఆ 80 వేలు చెల్లె పెళ్లికి పోయాయా, ఆస్పత్రికా, కొత్త ఫోనుకా, స్కోరుకు తెలియదు. ఉద్దెర రాసుకునే కిరాణా సేటుకు తెలిసేది. తెలిసే ఆగేవాడు, తెలిసే నలుగురిలో అనేవాడు కూడా. జీతం రోజున మిల్లు గేటు దగ్గర కాచుకున్న, వడ్డీకి అప్పులిచ్చే పఠాన్‌కూ మనిషి ముఖం తెలుసు. తెలియడమే దయ అని చెప్పలేను.

వాడకం వల్ల పడిన స్కోరు లేవడం అంత కష్టం కాదు. బాకీ తగ్గి, ఆ తగ్గిన అంకె సిబిల్‌కు చేరితే చాలావరకు తేరుకుంటుంది. 2025 జనవరి నుంచి కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కాబట్టి ఎదురుచూపూ తగ్గింది. కిస్తీ తప్పిన నెల మాత్రం రిపోర్టులో మూడేళ్లు కనిపిస్తుంది. ఇరుకున పడ్డ నెలను త్వరగా మరిచి, మాట తప్పిన నెలను గుర్తుంచుకునే ఈ తీరు నాకు అన్యాయంగా తోచదు. మనుషుల్లోనే అంత విచక్షణ అరుదు.

ఒక చిక్కు తీరదు. బాకీ అలాగే ఉండి లిమిట్ రెండు లక్షలైతే, అదే 80 వేలు 40 శాతం. కాగితం మీద చోటు పెరిగింది. బతుకులో పెరిగిందా? ఖర్చు దాని వెంట పరుగెత్తకుంటే పెరిగినట్టేనేమో.

చోటు అంటే గుర్తొచ్చేది వర్లి బీడీడీ చాళ్లు. అక్కడ 160 చదరపు అడుగుల గదిలోనే, ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడికీ చాప పరిచే చోటు దొరికేది. ఇప్పుడక్కడి కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో 556 ఇళ్ల తాళాలిచ్చారు. ఆ వెడల్పు వాళ్లకు ఎన్నడో దక్కాల్సింది. అందులో వాయిదాల సామాను ఎంత చేరుతుందో, ఎంత ఖాళీగా ఉండనిస్తారో, తెలుసుకోవాలని మాత్రం ఉంది.