నోరులేని రోగి

మనుష్యుడు తన మేలుకొఱకు తాను బాధ నోర్చుకొనుటలో విశేషము లేదు. రేపటి సుఖమును తలంచుకొని నేటి కషాయమును మ్రింగును. కాని రేపనునది యెఱుగని ప్రాణికి, సమ్మతి యడుగుటకు వీలులేని ప్రాణికి, దాని మేలుకే యని మనము బాధ కల్గించుట న్యాయమా? ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన గాక మా యింటి పిల్లివలన కలిగినది.

దానికి పదునొకండేండ్లు. రెండేండ్ల క్రిందట అది మితిమీరి నీళ్లు త్రాగుటయు, తిన్నది యొంటబట్టక చిక్కిపోవుటయు జూచి పశువైద్యునికడకు గొనిపోతిమి. మధుమేహమని తేలినది. అప్పటినుండి ఉదయము, సాయంకాలము ఏడు గంటలకు వదులు చర్మమును పైకెత్తి ఇన్సులిన్ సూది వేయుచున్నాము.

“ప్రకృతికి వదలివేయరాదా?” యని మిత్రుడొకడనెను. ఆ మాటను నేను తేలికగా ద్రోసివేయలేదు. కాని ప్రకృతి యెక్కడ? ఎలుకను వేటాడి తినుటకు బుట్టిన మాంసాహారిని ఇంటిలో నుంచి, పాలన్నము పెట్టి, ఈనకుండ శస్త్రము చేయించి, ఒడిలో పండుకొనబెట్టి లావెక్కించినవారము మేము. పిల్లులకు వచ్చు మధుమేహము చాలవఱకు మనుష్యులకు నడివయస్సున వచ్చుదానివంటిదే. స్థూలకాయమును, కదలిక లేకపోవుటయు దానికి ద్రోవ తీయును. ప్రకృతిని పదియేండ్లు వాకిట నిలిపి, ఖర్చు వచ్చిననాడు లోనికి రమ్మని పిలుచుట ధర్మమని నాకు దోపలేదు.

“బీదవాండ్రకే ఇన్సులిన్ కొను శక్తిలేని దేశమున పిల్లికా?” యని మఱియొకరనిరి. దీనికి నాకడ పూర్తియైన సమాధానము లేదు. పిల్లికి మానిన రూపాయి తనంతట తాను బీదవాని యింటికి నడచిపోదని చెప్పవచ్చును. నిజమే గాని, అది లోభి చెప్పు మాటకు మిక్కిలి దగ్గఱగా నున్నది. ఇంకొక సంగతి మాత్రము చెప్పగలను. 1889 లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనువారు ఒక కుక్క క్లోమమును తీసివైచి, మధుమేహమునకు దానితోగల సంబంధమును కనుగొనిరి. 1921 లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారును కుక్కలమీదనే ప్రయోగములు చేసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి ఆ మందు మొదట నిచ్చిరి. అటుపిమ్మట ననేక దశాబ్దములు అది గోవుల, పందుల క్లోమములనుండియే వచ్చెను. ఆ ఋణమును ఆ జంతువులకు తీర్పలేము. ఒక పిల్లికి కొంచెము చెల్లించిన తప్పు లేదేమో.

న్యాయమును నిర్ణయించుట యింతటితో నైనది; ప్రతిదినము సూదిలో నెంత లాగవలెనో నిర్ణయించుట యంతకంటె కష్టము. భయపడిన పిల్లి రక్తములో చక్కెర తనంతట పెరుగును. కావున వైద్యశాలలో కనుపించిన అంకె రోగముదో, భయముదో తెలియదు. అందుచే గడచిన కొన్ని దినముల స్థితిని దెలుపు ఫ్రక్టోసమీన్ పరీక్ష చేయింతురు. ఇంటిలో చెవి యంచున గ్రుచ్చి బొట్టు రక్తమును మేము చూతుము. ఇది వెనుకకాళ్లను మడమలమీద నానించి నడచుచున్నది: నరముల రోగమా, ముసలితనమా? వాంతి చేసికొన్నది: క్లోమపు వాపా, నాకిన వెండ్రుకలా? వైద్యుడు “కావచ్చును” అనును. ఆ మాట చెప్పగలిగినందుననే వానియందు నాకు నమ్మకము హెచ్చినది.

నా తప్పొకటి చెప్పవలెను. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్లదియు, 100 యూనిట్లదియు ఇన్సులిన్ దొరకును. మొదటిదాని సిరంజికి ఎఱ్ఱమూత, రెండవదానికి నారింజరంగు మూత. మధుమేహముగల మా తల్లి వాడు ఎఱ్ఱమూత సిరంజితో, ఒక సాయంకాలము తొందరలో, పిల్లియొక్క 100 యూనిట్ల మందును లాగితిని. రెండు గీతలు రెండు యూనిట్లనుకొంటిని, అవి యైదు. అర్ధరాత్రమున నది తూలి, గోడకు గ్రుద్దుకొని, పడి వణకుచుండెను. చిగుళ్లకు తేనె రాచి, వైద్యుని నిద్రలేపి, తెల్లవారువఱకు దానికడ గూర్చుంటిమి. బ్రదికినది.

కొన్నాళ్లకు మరల సిరంజి చేతబట్టగా నది పారిపోలేదు. ఎప్పటివలెనే గిన్నెకడకు వచ్చి కూర్చుండెను. దానిని క్షమ యనలేను, సమ్మతి యనలేను. మనుష్యరోగి యైనచో కోపపడును, వేఱు వైద్యుని వెదకును, కడకు చేయి యడ్డుపెట్టి చాలుననును. ఇచ్చట అపరాధి నేనే, సాక్షి నేనే, తీర్పరిని నేనే.

చాలుననుట యెప్పుడు? అది తనంతట వచ్చి తినుచు, ఒడలు నాకుకొని శుభ్రము చేసికొనుచు, ఎండకు పోయి పండుకొనుచున్నంతకాలము సూది వేయుదమనియు, ఈ మూడును మానినపుడు నిలుపుదమనియు కాగితముపై వ్రాసి గోడకు అంటించితిమి. ఆనాడు మా దుఃఖము తీర్పు చెప్పకుండవలెనని మా యుద్దేశము. కొన్ని పిల్లులకు తొలినాళ్ల చికిత్సతోనే సూది యక్కఱ తీరిపోవును. మాదానికి అట్టి భాగ్యము కలుగలేదు.

నిన్న సాయంకాలము సగము తిని లేచిపోయినది. వైద్యుడు చెప్పిన ప్రకారము రక్తము చూచి, సగము మోతాదే యిచ్చి, గడియారమునకు గంట పెట్టుకొని పండుకొంటిని. నడిరేయి లేచిచూడగా నది తెఱచిన కిటికీకడ కూర్చుండి వీథిలోనికి చూచుచుండెను. గిన్నె ఖాళీగా నున్నది. తినినది మాదో, ప్రక్కయింటి పిల్లియో తెలియదు. మరల చెవి గ్రుచ్చుటకు దీపము వెలిగించితిని.