తండ్రీబిడ్డల నడుమ తుపాకి

తల్లిదండ్రులు బిడ్డచేతికి ఏ వస్తువు నిచ్చినను దానితోబాటు ఒక బుద్ధిని గూడ ఇచ్చుచున్నారు. పలక నిచ్చిన విద్యాబుద్ధి. కొడవలి నిచ్చిన కాయకబుద్ధి. తుపాకి నిచ్చినచో ఏ బుద్ధి నిచ్చినట్లు?

అమెరికా దేశమున ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. గురి అభ్యసించుటకును, వేటకును తండ్రియు బిడ్డయు కలిసి వాడుకొనుటకై ఒకే రైఫిలును ఎంచుకొను కుటుంబములు అచట కలవు. అందులకు కార్బైన్ అను పొట్టి రైఫిలును పలువురు మెచ్చుదురు. పూర్వము గుఱ్ఱపు రౌతులు వాడిన ఈ ఆయుధము తేలికైనది. దీని గొట్టము పొట్టిది. భుజమున కానించు పిడిని ముందువెనుకలకు జరుపుకొన వీలున్నచో పెద్దవాని చేతికిని, పిన్నవాని చేతికిని ఒకటే సరిపోవును. లైసెన్సుగల వర్తకుడు 18 ఏండ్లు నిండనివారికి రైఫిలు అమ్మరాదని 1968 నాటి చట్టము శాసించుచున్నది. అయినను తండ్రి కొన్నదానిని అతని సమక్షమున బిడ్డ ఉపయోగించుటను పలు రాష్ట్రములు అనుమతించుచున్నవి.

వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. తండ్రి ప్రక్కన నిలిచి నేర్పినచో బిడ్డకు నిగ్రహము అలవడునని వారందురు. ప్రతి తుపాకియందును తూటా ఉన్నట్లే భావింపవలెను, కాల్చ నిశ్చయించువరకు మీటపై వ్రేలుంచరాదు అను నియమములు నిజముగా నిగ్రహపాఠములే.

కాని పిడిని బిడ్డకు తగినట్లు కుదింపవచ్చును. బాధ్యతను కుదించుట సాధ్యము కాదు. 2021 నవంబరు 30న మిషిగన్ రాష్ట్రమున ఆక్స్‌ఫర్డ్‌లో 15 ఏండ్ల బాలుడు తన పాఠశాలలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపెను. ఆ పిస్తోలును నాలుగు దినములకు ముందే తండ్రి కొనియుండెను. కుమారునికి యావజ్జీవ శిక్ష పడెను. 2024లో తల్లికిని తండ్రికిని కూడ 10 నుండి 15 సంవత్సరముల కారాగారశిక్ష విధింపబడెను. మీట నొక్కినది బిడ్డ. లెక్క చెప్పవలసినవారు మువ్వురు.

ఆ దేశమున స్థిరపడిన లింగాయత కుటుంబములును కలవు. పొరుగువారిని చూచి వారి పిల్లలును తుపాకి కోరుట వింత గాదు. అప్పుడు ఆ తల్లిదండ్రులకు శరణధర్మము చూపు దారి యేది?

శరణధర్మము ఆయుధమును చూచి కన్నులు మూసికొన్నది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన కన్నప్ప విల్లమ్ములతో పెరిగిన బోయ. మృగములను కూల్చిన బాణముతోనే అతడు తన కన్నును పెకలించి శివుని కర్పించెను. బాణము మారలేదు, భావము మారినది. సకల ప్రాణులయందును దయయే బసవేశ్వరుని బోధకు ప్రాణము. ఆ దయ నిలువని చేతికి ఏ ఆయుధమును తగదు.

వీరశైవ గృహమున శిశువు మేనిపై పెద్దలు ధరింపజేయు సొత్తు ఇష్టలింగము. దానిని ఒకరితో నొకరు పంచుకొనరు. ఎవరి లింగము వారిది, ఎవరి ఆచారము వారిది. తుపాకిని మాత్రము ఇద్దరు పంచుకొనవచ్చును. అంతమాత్రమున దాని ఫలము చెరిసగమగునా? ఇరువురికిని పూర్ణముగనే చెందును.

కావున ఏ తుపాకి తగినదని విచారించుటకు ముందు తండ్రి తన బిడ్డను విచారింపవలెను. కోపము వచ్చినపుడు ఈ బిడ్డ ఏమి చేయును? దుఃఖము కలిగినపుడు ఎవరితో చెప్పుకొనును? ఇది యెరుగని తండ్రికి ఏ కార్బైనును తగినది కాదు. ఎరిగిన తండ్రియు తాళపుచెవిని తన యొద్దనే ఉంచుకొని, తూటాలను వేరుగా దాచవలెను. అంతకంటె ముఖ్యముగ, బిడ్డతో గడపదలచిన ఆ గంటకు తుపాకియే కావలెనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.