తెలిసినవాడూ అడగాలి

చట్టంతో ఘర్షణ పడిన పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోముల్లో, స్పెషల్ హోముల్లో కోర్టు గుమ్మం ఎక్కని తీర్పులు వెలువడుతూనే ఉంటాయి. రాత్రి డార్మిటరీలో కిటికీ అద్దం పగులుతుంది. భోజనాల దగ్గర ఇద్దరు కలబడతారు. ఒకడి పక్కబట్టల కింద బీడీ కట్ట దొరుకుతుంది. ఎవరు చేశారో తేల్చేవాడు, ఏం చేయాలో నిర్ణయించేవాడు, దాన్ని అమలు జరిపేవాడు ఒక్కడే కావచ్చు. ఆటకు పంపకపోవడం, ఇంటికి ఫోన్ చేయనివ్వకపోవడం, విడిగా గదిలో పెట్టడం, జువైనల్ జస్టిస్ బోర్డుకు వెళ్లే నివేదికలో నాలుగు మాటలు రాయడం పెద్దల కంటికి చిన్న సంగతులు. ఆ పిల్లవాడికి గోడల మధ్య మిగిలిన స్వేచ్ఛంతా అదే. అప్పటికే నిర్బంధంలో ఉన్నవాణ్ని మళ్లీ శిక్షించే ముందు వాడు చెప్పేది వినాలా? వినాలని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఎందుకంటే మాత్రం, నిజం తేలడానికి అంటారు. ఆ జవాబు సగమే. నిజం పూర్తిగా తెలిసిపోయినప్పుడు కూడా వినాలి. వినకుండా వేసిన శిక్ష, నిజంగా తప్పు చేసినవాడికే పడినా, అధర్మమే.

ఈ ప్రశ్నను మూలం దాకా తీసుకెళ్లిన కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. మాండవ్య మహర్షి ఆశ్రమం ముందు చేతులు పైకెత్తి మౌనవ్రతంలో తపస్సు చేస్తుంటాడు. రాజభటులు తరుముతుంటే దొంగలు సొమ్మును ఆయన ఆశ్రమంలో దాచి తామూ అక్కడే నక్కుతారు. దొంగలెటు పోయారని భటులు అడిగితే ముని పలకడు. సొమ్మూ దొంగలూ అక్కడే దొరికేసరికి ఆ మౌనమే నేరాన్ని ఒప్పుకోవడమైపోతుంది. రాజు ఆయన్నూ దొంగలతో పాటు శూలానికి ఎక్కించమంటాడు. ముని ప్రాణం పోదు. పొరపాటు తెలిసిన రాజు వచ్చి వేడుకుంటాడు. శూలం ఊడిరాకపోవడంతో పైకి కనిపించే మేర కోయిస్తాడు. లోపల మిగిలిన ముక్కతోనే తిరిగి ఆయన అణిమాండవ్యుడయ్యాడు. రాజును మన్నించాడు గాని యమధర్మరాజును నిలదీశాడు. నేను చేసిన పాపమేమిటని అడిగితే, చిన్నప్పుడు పురుగులను గడ్డిపోచతో గుచ్చావు, దాని ఫలమే ఇది అన్నాడు ధర్ముడు. అప్పుడు ముని, ఇకమీద 14 ఏళ్ల లోపు చేసినది పాపం కింద లెక్కకు రాదని కట్టడి చేసి, ధర్ముణ్ని మనిషిగా పుట్టమని శపించాడు. విదురుడి పుట్టుకకు కారణం ఈ శాపమే.

కథలో తీర్పరులు ఇద్దరు. రాజు చేసింది మనకు బాగా తెలిసిన పొరపాటు. నేరం చేయనివాణ్ని శిక్షించాడు, సరిగా విచారిస్తే ఆ తప్పు జరిగేది కాదు. యముడి సంగతి వేరు. ఆయన లెక్కలో తేడా లేదు. పురుగులను గుచ్చిన మాట వాస్తవం, గుచ్చినవాడు మాండవ్యుడే. సాక్ష్యానికి లోటు లేదు, సందేహానికి తావు లేదు. అయినా పొరబడిన రాజును వదిలేసిన ఋషి, పొరబడని ధర్ముణ్ని వదల్లేదు. ఎందుకంటే యముడికి తెలిసింది చేసిన పని ఒక్కటే. చేసినవాడి వయసు, వాడికి అప్పుడున్న తెలివిడి, పనికీ శిక్షకూ మధ్య ఉన్న అగాధం ఆయన తూకంలోకి రాలేదు. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. శిక్ష పడినవాడికి అది ఎందుకు పడిందో తెలియదు. శూలం ఒంట్లో దిగాక, తనంతట తానే వెళ్లి అడిగితే తప్ప ఎవరూ చెప్పలేదు. ఎందుకో తెలియని బాధ మనిషిని సరిదిద్దలేదు. అంటే వాస్తవం తెలిసి ఉండటం న్యాయానికి అవసరమే, కాని దానితో సరిపోదు. హోముల్లో ఎక్కువగా వినిపించే సమర్థన, నా కళ్లతో చూశాను, ఇంకా విచారణేమిటి అన్నది. ఆ మాట యముడు కూడా అనగలిగేవాడు.

ఇదే ఆలోచన మరో మతసంప్రదాయం నుంచి ఇంగ్లండు న్యాయస్థానంలోకి వచ్చింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రిచర్డ్ బెంట్లీ అనే పండితుడి పట్టాలను ఆయన్ను పిలిచి వినకుండానే రద్దు చేస్తే, 1723లో కింగ్స్ బెంచ్ న్యాయస్థానం ఆ పని చెల్లదంది. తీర్పు చెబుతూ జస్టిస్ ఫోర్టెస్క్యూ ఏదెను తోటను గుర్తు చేశారు. దేవుడు కూడా ఆదామును, హవ్వను సంజాయిషీ అడగకుండా శిక్షించలేదన్నారు. సహజ న్యాయం గురించి చెప్పేవాళ్లు నేటికీ ఆ కేసును తలుస్తారు. అయితే బైబిల్లో ఆ ఘట్టాన్ని నిదానంగా చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. దేవుడికి అన్నీ తెలుసు. ఆ ప్రశ్నలు సమాచారం కోసం వేసినవి కావు. ఆదామును అడిగాడు, ఆదాము తప్పు హవ్వ మీదికి తోశాడు. హవ్వను అడిగాడు, ఆమె పాము మీదికి తోసింది. పామును మాత్రం ఏమీ అడగలేదు, నేరుగా శపించాడు. మంచిచెడ్డలకు జవాబు చెప్పుకోగలిగినవాళ్లనే అడిగాడని ఆ తేడా చెబుతోంది. జవాబు చక్కగా వచ్చిందా లేదా అన్నది తర్వాతి మాట. అడగడమంటే ఎదుటివాడు జవాబుదారీ వహించగల మనిషని గుర్తించడం. అడగకుండా శిక్షించడమంటే వాడి నుంచి ఏ జవాబూ ఆశించడం లేదని వాడికే తెలియజేయడం. పదిహేనేళ్ల పిల్లవాడికి మనం ఆ మాట చెప్పదలచుకున్నామా?

సంస్కరణ పేరుతో నడిచే ఇంట్లో ఈ ప్రశ్న మరింత గట్టిగా నిలబడుతుంది. శిక్షకు భయపడి లొంగడం వేరు, తప్పును తప్పుగా గుర్తించడం వేరు. మొదటిది కర్రతోనూ సాధ్యమే, రెండోది మాటతోనే సాధ్యం. నిర్బంధంలో ఉన్న పిల్లల రక్షణకు ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన హవానా నియమాలు క్రమశిక్షణను ఈ దృష్టితోనే చూస్తాయి. న్యాయం పట్ల స్పృహ, ఆత్మగౌరవం, ఇతరుల హక్కుల పట్ల గౌరవం పిల్లవాడిలో కలిగించే పద్ధతే క్రమశిక్షణ అంటాయి. కొట్టడం, చీకటి గదిలో పెట్టడం, ఒంటరిగా బంధించడం, తిండి తగ్గించడం, ఇంటివాళ్లతో సంబంధం తెంచడం నిషేధిస్తాయి. ఒకడు చేసిన తప్పుకు గదిలో అందరినీ శిక్షించకూడదంటాయి. అభియోగమేమిటో పిల్లవాడికి పూర్తిగా అర్థమయ్యేలా చెప్పి, తన వాదన వినిపించే అవకాశమిచ్చి, నిష్పాక్షికమైన అధికారికి అప్పీలు చేసుకునే హక్కు కల్పించి, జరిగినదంతా రికార్డు చేస్తే తప్ప ఏ శిక్షా చెల్లదంటాయి. పెద్ద పిల్లలను లీడర్లుగా పెట్టి చిన్నపిల్లలను దండించే అధికారం వాళ్లకు అప్పగించడాన్నీ ఒప్పుకోవు.

దీనికి మొదటి అభ్యంతరం మంచి మనసుతోనే వస్తుంది. హోము ఇల్లు లాంటిది, సూపరింటెండెంటు తండ్రి లాంటివాడు, ఇంట్లో తండ్రి కొడుకు మీద చార్జిషీటు పెట్టి సాక్షులను పిలుస్తాడా అంటారు. ఈ వాదన ఎక్కడికి దారితీస్తుందో అమెరికా చూసింది. 1964లో అరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ల కుర్రాడు పొరుగింటావిడకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడని పట్టుకుపోయారు. తల్లిదండ్రులకు అభియోగం కాగితం అందలేదు. ఫిర్యాదు చేసినావిడ విచారణకు రాలేదు. న్యాయవాది లేడు, జరిగినదానికి రికార్డూ లేదు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా, అంటే ఆరేళ్ల వరకు, ఇండస్ట్రియల్ స్కూలుకు పంపారు. అదే మాట పెద్దవాడు అంటే గరిష్ఠంగా 50 డాలర్ల జరిమానా లేదా రెండు నెలల జైలు. ఆ పద్ధతిని నడిపినవాళ్లు క్రూరులు కారు. మేము శిక్షించడం లేదు, తండ్రిలా చూసుకుంటున్నాం అని నిజంగానే నమ్మారు. పిల్లవాడన్న కారణంతో న్యాయమైన విచారణను తీసేయడం కుదరదని 1967లో ఆ దేశపు సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కన్నతండ్రి కోపం సాయంత్రానికి చల్లారుతుంది. ఆయన ఏ ఫైల్లోనూ రాయడు. పైగా ఆ ఇంటి తలుపుకు ప్రభుత్వం తాళం వేయలేదు. ఉద్యోగం చేస్తూ తాళంచెవి చేతబట్టినవాడు తండ్రి ప్రేమను కోరుకోవచ్చు గాని తండ్రి అధికారాన్ని తీసుకోలేడు.

మన దేశంలో పెద్ద ఖైదీలకు ఈ రక్షణ ఏనాడో దక్కింది. విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని 1974లో సుప్రీంకోర్టు అంది. తీహార్ జైల్లో తోటి ఖైదీని వార్డరు హింసించాడని సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న కేసులో, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ మరో అడుగు వేశారు. ఒంటరి సెల్లు, తిండి మార్పు, సౌకర్యాల కోత వంటి అదనపు శిక్ష ఏదైనా సెషన్స్ జడ్జి పరిశీలించకుండా వేయరాదని, అత్యవసరమైతే రెండు రోజుల్లో ఆయనకు తెలియజేయాలని ఆదేశించారు. పిల్లల కోసం 2015లో వచ్చిన బాల న్యాయ చట్టం ఇంకా ఉదారమైన మాటతో మొదలవుతుంది. 18 ఏళ్ల వరకు ఏ పిల్లవాడికీ దురుద్దేశం గాని నేర తలంపు గాని లేదనే భావించాలని మూడో సెక్షన్ చెబుతుంది. క్రమశిక్షణ పేరుతో కొట్టడాన్ని 82వ సెక్షన్ నేరం చేసింది. సహజ న్యాయ సూత్రాలనూ చట్టం పేర్కొంది. అయితే న్యాయ నిర్ణయ హోదాలో వ్యవహరించేవాళ్లకు వర్తించేలా రాసింది. నేను జడ్జిని కాను, హోము నడిపేవాణ్ని అని సూపరింటెండెంటు తప్పుకోవడానికి ఆ మాట సందు ఇస్తుంది. ఆ సందు మూయాలి. ఎవరు తప్పు చేశారో తేల్చి, ఎంత శిక్షో నిర్ణయించేవాడు ఆ క్షణాన న్యాయ నిర్ణయమే చేస్తున్నాడు. పైగా స్పెషల్ హోములో ప్రవర్తన బాగాలేదనిపిస్తే పిల్లవాణ్ని మరింత కట్టుదిట్టమైన భద్రతా స్థలానికి పంపే వీలు 18వ సెక్షన్ బోర్డుకు ఇచ్చింది. ఆ ప్రవర్తన బోర్డు కంటికి కనిపించేది హోము రాసిన కాగితాల మీదే. అవతలివాడి మాట లేకుండా రాసిన నాలుగు వాక్యాలు అక్కడ సాక్ష్యమై నిలుస్తాయి.

రెండో అభ్యంతరం భద్రత గురించి. కొట్టుకుంటున్న ఇద్దరి మధ్య నోటీసులు రాస్తూ కూర్చుంటే ఎలా? కూర్చోనక్కర్లేదు. విడదీయడం వేరు, శిక్షించడం వేరు. విడదీయడానికి విచారణ అక్కర్లేదు, అది అప్పటికప్పుడు చేయాల్సిందే. శిక్షకే తొందర లేదు. సిబ్బంది చాలరన్నది దీని వెంటే వచ్చే మాట, అది చాలాచోట్ల నిజం కూడా. కాని జరగాల్సింది కోర్టు నాటకం కాదు. పగిలిన అద్దం విషయమే చూద్దాం. ఏం జరిగిందని అంటున్నారో పిల్లవాడి భాషలో ఒక కాగితం మీద రాసి చదివి వినిపించాలి. ఆలోచించుకోవడానికి ఒక రోజు ఇవ్వాలి. పక్కన కూర్చోవడానికి వాడు కోరుకున్న టీచర్నో కౌన్సెలర్నో రానివ్వాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉండి ఫిర్యాదు చేసిన కేర్‌టేకర్ కాకుండా మరొకరు నిర్ణయించాలి. వాడు చెప్పినది, నిర్ణయం, దానికి కారణం ఆరు వాక్యాల్లో రాసి ఒక నకలు వాడికివ్వాలి. నచ్చకపోతే మేనేజ్‌మెంట్ కమిటీకి చెప్పుకోవచ్చనాలి. దీనికి అరగంట పడుతుంది. ఒక సాయంత్రం ఆట మానిపించడానికి ఇంత అక్కర్లేదు, అడిగి ఒక మాట వింటే చాలు. విడిగా ఉంచడానికి, మరో చోటికి పంపడానికి, బోర్డుకు రాయడానికి ఇంతా కావాలి.

పిల్లలు అబద్ధాలాడతారు, విచారణ పెడితే తెలివిమీరి తప్పించుకుంటారు అన్నది మూడో అభ్యంతరం. కొందరు ఆడతారు. ఆదామూ తప్పించుకోజూశాడు, ఆ కారణంగా అడగడం వృథా కాలేదు. అబద్ధమాడినవాడు రాతపూర్వకమైన కారణాల ముందు నిలబడి, తన మాట ఎందుకు నమ్మలేదో వింటాడు. అది కూడా నేర్చుకోవడమే. మాటకారి పిల్లవాడి కంటే నేను ఎక్కువగా భయపడేది మాట రాని పిల్లవాడి గురించి. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి తెలుగు సరిగా తెలియనివాడు, గదమాయింపు వినగానే తల దించుకునేవాడు, అసలు దోషి పేరు చెబితే రాత్రి ఏమవుతుందోనని బిగుసుకుపోయేవాడు ఇలాంటి గదుల్లో మౌనంగానే నిలబడతారు. ఆ మౌనం ఒప్పుకోలుగా నమోదవుతుంది. 1974లో నెబ్రాస్కా జైలు కేసులో అమెరికా సుప్రీంకోర్టు, క్రమశిక్షణ విచారణకు 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని, తీర్పుకు కారణాలు రాయాలని చెబుతూ, న్యాయవాది హక్కు లేదంటూనే చదువు రాని ఖైదీకి సాయం చేసే మనిషిని ఇవ్వాలంది. పెద్దవాళ్లకే అంత అవసరమైతే పిల్లల సంగతి వేరే చెప్పాలా?

చివరి అభ్యంతరం తాత్త్వికమైనది, అన్నిటికంటే బరువైనది. పిల్లవాడికి పూర్తి బాధ్యత లేదనే చట్టమూ పురాణమూ అంటున్నప్పుడు, వాణ్ని జవాబు చెప్పమనడం విరుద్ధం కాదా? కాదని నా నమ్మకం. మంచిచెడ్డల వివేకం ఒక పుట్టినరోజున ఒక్కసారిగా వచ్చిపడేది కాదు. నీళ్లలో దిగనివ్వకుండా ఈత నేర్పలేనట్టే, జవాబు చెప్పనివ్వకుండా బాధ్యత నేర్పలేం. బాధ్యత తక్కువగా ఉన్నందువల్ల శిక్ష తగ్గాలి, వినడం తగ్గకూడదు. అసలు ఆ తక్కువ ఎంతో, వాడు ఏం అనుకుని ఆ పని చేశాడో తెలియాలన్నా వాడి నోటి నుంచే వినాలి. ఈ పిల్లల్లో చాలామంది ఇంట్లో, బడిలో, వీధిలో మాట చెల్లకుండా దెబ్బలు తిని వచ్చినవాళ్లు. బలమున్నవాడు చెప్పిందే న్యాయమని వాళ్లకు బయటి ప్రపంచం నేర్పి పంపింది. ప్రభుత్వం సంస్కరణ పేరుతో వాళ్లను తన కప్పు కిందకు తీసుకుని అదే పాఠాన్ని రూలు పుస్తకం పెట్టి మళ్లీ చెబితే, వాళ్లను నిర్బంధించే నైతిక హక్కును అది పోగొట్టుకుంటుంది. అందుకే హోములో క్రమశిక్షణ విచారణ సూపరింటెండెంటు మంచితనానికి వదిలేయాల్సిన దయ కాకూడదు. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ నియమాల్లో స్పష్టంగా రాసి, ప్రతి పిల్లవాడికీ వచ్చిన రోజే చదివి వినిపించాల్సిన హక్కు అది.