ఆమె చెలికత్తెలను అడిగింది

వాక్యభాగం: న్యాయాధిపతులు 11:34-40



యెఫ్తా పేరు వినగానే మనకు అతని మొక్కుబడే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి నిజంగా బలి అయ్యిందా, లేక పెళ్ళి లేకుండా దేవుని సేవకు ప్రతిష్ఠించబడిందా అని బైబిల్ స్టడీల్లో గంటలకొద్దీ వాదించుకుంటాం. పండితులే ఈ విషయంలో ఒక మాట మీద లేరు కాబట్టి ఆ వాదన ఈ రోజుకు పక్కన పెడదాం. మీ దృష్టికి తేవాలనుకున్నది 37వ వచనం. మనం వేగంగా చదివి దాటేసే వచనం.

యెఫ్తా అమ్మోనీయుల మీద గెలిచి మిస్పాలో తన ఇంటికి తిరిగి వచ్చాడు. ఒక్కగానొక్క కూతురు తంబురలతో, నాట్యంతో ఎదురొచ్చింది. అతడు బట్టలు చింపుకున్నాడు. అప్పుడు అతని నోట వచ్చిన మాటలు గమనించండి. తనను కుంగదీసింది ఆమేనట, తనకు కష్టం తెచ్చిపెట్టింది ఆమేనట. బిడ్డ జీవితం కూలిపోతున్న ఆ క్షణంలో కూడా తండ్రి తన బాధ గురించే మాట్లాడాడు. అతన్ని తప్పు పట్టాలని చెప్పడం లేదు. దుఃఖం మీద పడినప్పుడు పెద్దవాళ్ళం చాలామందిమి అలాగే ఉంటాం. మన గుండె నిండిపోయి ఉంటుంది, పక్కనున్న పిల్లల గుండెలో ఏముందో చూసే ఓపిక ఉండదు.

ఆ అమ్మాయి రెండు అడిగింది. రెండు నెలల గడువు, తోడుగా తన చెలికత్తెలు. కొండల మీదికి వెళ్ళి వాళ్ళతో కలిసి ఏడుస్తానంది. యాజకుణ్ణి పిలిపించమనలేదు, గిలాదు పెద్దలను రమ్మనలేదు, నాన్నను కూడా తోడు రమ్మనలేదు. తన ఈడు పిల్లలు కావాలంది. యెఫ్తా మిగతా విషయాల్లో ఎలాంటివాడైనా, ఇక్కడ మాత్రం అడ్డు చెప్పలేదు. వెళ్ళమన్నాడు.

నిజమే, ఇది అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్ల కథ కాదు. తన రేపటినే పోగొట్టుకుంటున్న పిల్ల. అయితే 40వ వచనానికి వచ్చేసరికి దుఃఖం ఆమె స్నేహితురాళ్ళది అయ్యింది. ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏటా నాలుగు రోజులు ఆమెను తలుచుకోవడానికి వెళ్ళేవారు. పెద్దలెవరో అలా చేయమని ఆజ్ఞాపించారని వాక్యంలో లేదు. కొండల మీద ఆ చెలికత్తెలు ఏమి మాట్లాడారో కూడా లేదు. నాకు ఆ మౌనం ఇష్టం. వాళ్ళు ఏమి మాట్లాడుకున్నారో వినడానికి పెద్దవాళ్ళెవరూ వెంట వెళ్ళలేదు మరి!

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మనం చేసేది తక్కువేమీ కాదు. అర్ధరాత్రి ఫోన్ వచ్చినా కారు తీస్తాం. భోజనాల సైన్‌అప్ షీట్ గంటలో నిండిపోతుంది. దేహాన్ని ఇండియాకు పంపాలంటే ఫ్యునరల్ హోమ్, కాన్సులేట్ కాగితాలు, విమానం కార్గో, అన్నీ ఎవరో ఒక అన్న తన భుజాన వేసుకుంటాడు. ఆదరణ కూడికలో హాలు కిక్కిరిసిపోతుంది. ఆ హాల్లో ఆ ఇంటి పదహారేళ్ళ అబ్బాయి ఎక్కడున్నాడో ఈసారి వెతికి చూడండి. కుర్చీలు సర్దుతుంటాడు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళ బాటిళ్ళు అందిస్తుంటాడు. కనిపించిన ప్రతి అంకుల్ భుజం మీద చెయ్యి వేసి ఒకే మాట చెప్తాడు: "ఇక ఇంటికి మగదిక్కు నువ్వే నాన్నా, అమ్మను జాగ్రత్తగా చూసుకో." వాళ్ళ అక్కను ఆంటీలు పక్కకు పిలిచి, "నువ్వు ఏడిస్తే అమ్మ తట్టుకోలేదమ్మా" అంటారు.

ఆ పిల్లలు మన మాట వింటారు. నాకు భయం వేసేది అక్కడే. అమ్మ ముందు ఏడవరు. బాత్రూంలో షవర్ తిప్పి ఏడుస్తారు. నాన్న పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటారు. బడికి వెళ్తే అక్కడి స్నేహితులకు అమ్మానాన్నలు ఇద్దరూ ఉన్నారు. ఏమనాలో తెలియక వాళ్ళు దూరం జరుగుతారు. డ్రైవింగ్ నేర్పుతానన్న నాన్న లేడు. సండే స్కూల్లో ఫాదర్స్ డే కార్డులు చేయిస్తున్నప్పుడు రంగు పెన్సిల్ పట్టుకుని ఎవరి పేరు రాయాలో తెలియని బిడ్డ మన మధ్యే కూర్చుని ఉంటుంది.

తండ్రి పోయిన ఏడాదిన్నరకు ఒక అమ్మాయి నాతో అంది: "అంకుల్, అందరూ అమ్మ ఎలా ఉందని నన్ను అడుగుతారు. నేను ఎలా ఉన్నానని అమ్మను అడుగుతారు." ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

మన పిల్లల దుఃఖానికి మరికొన్ని చిక్కులున్నాయి, ఈ దేశంలో పుట్టిపెరిగిన వేరే పిల్లలకు అవి ఉండవు. మన ఆదరణ అంతా తెలుగులో జరుగుతుంది. కీర్తనలు తెలుగు, వాక్యం తెలుగు, ఆంటీల ఓదార్పు తెలుగు. పిల్లవాడికి తెలుగు అర్థమవుతుంది గానీ, అతని దుఃఖం ఇంగ్లీషులో ఉంది. మరో సంగతి వీసా. ఉద్యోగం మీద వచ్చిన తండ్రి పోతే, ఆయన వీసా మీద ఆధారపడ్డ తల్లీ పిల్లల వీసాలు కూడా నిలవవు. నాన్న పోయిన వారంలోనే ఇల్లు, బడి, స్నేహితులు అన్నీ పోతాయేమోనన్న భయం ఆ బిడ్డను పట్టుకుంటుంది. ఇక గుంటూరులోనో కరీంనగర్‌లోనో తాతయ్య పోతే, సమాధి కార్యక్రమం ఇక్కడ తెల్లవారుజామున ఫోన్ తెరమీద చూస్తాం. అమ్మ కుప్పకూలిపోతుంది. నాలుగుసార్లు మాత్రమే చూసిన తాతయ్య కోసం తనకు ఏడుపు రావడం లేదేమిటని పిల్లవాడు తనను తానే నిందించుకుంటాడు. అది కూడా దుఃఖమే, ప్రియులారా.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయం 3, 4 వచనాలు మనం ఆదరణ కూడికల్లో తప్పకుండా చదువుతాం. దేవుడు మన శ్రమలో మనల్ని ఆదరిస్తాడు, ఆ ఆదరణతోనే మనం శ్రమపడే ఇతరులను ఆదరించగలుగుతాం అన్నది అక్కడి భావం. చదివి, ఆదరించే పని కాపరిగారికి అప్పగించి ఇంటికి వెళ్ళిపోతాం. కానీ ఆ వాక్యం ప్రకారం ఎవరికి ఆదరించే అర్హత ఉంది? ఆ దారిలో నడిచి వచ్చినవారికి. తల్లిని పోగొట్టుకుని మూడేళ్ళయిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, నిన్న తల్లిని పోగొట్టుకున్న పదిహేనేళ్ళ అమ్మాయి పక్కన కూర్చుంటే, అక్కడ జరిగేది సెమినరీ చదివిన నేను చేయలేను.

ఈ దేశంలో కొందరు ఈ సంగతి చాలాకాలం క్రితమే గ్రహించారు. డగీ టర్నో అనే బాలుడికి మెదడులో కణితి వచ్చింది. మరణం గురించి తన ప్రశ్నలను ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే ప్రసిద్ధ వైద్యురాలికి ఉత్తరంగా రాశాడు, ఆమె జవాబు రాసింది. 1981లో పదమూడేళ్ళ వయసులో డగీ చనిపోయాడు. చికిత్స కోసం ఆ అబ్బాయి ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు వచ్చినప్పుడు పరిచయమైన బెవర్లీ చాపెల్ అనే నర్సు ఒక విషయం గమనించింది. పెద్దలు దాచే మాటలను పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటున్నారు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటున్నారు. మరుసటి సంవత్సరం, 1982లో, అయినవాళ్ళను పోగొట్టుకున్న పిల్లల కోసం ఆమె డగీ సెంటర్ ప్రారంభించింది.

ఇది సంఘం నడిపే సంస్థ కాదు. అయినా అక్కడి పద్ధతిలో మనం నేర్చుకోవలసింది ఉంది. పిల్లలను వయసును బట్టి, జరిగిన నష్టాన్ని బట్టి చిన్న గుంపులుగా కూర్చోబెడతారు. శిక్షణ పొందిన వాలంటీర్లు ఉంటారు గానీ పాఠం చెప్పరు. మాట్లాడాలనిపించని పిల్లవాడు "పాస్" అంటే చాలు, వంతు పక్కవాళ్ళకు వెళ్తుంది. మెత్తటి గోడలతో ఒక గది ఉంది, దానికి అగ్నిపర్వతం గది అని పేరు. కోపం వచ్చినవాళ్ళు అందులో దిండ్లు విసిరి, అరిచి, అలసిపోయేదాకా తన్నుకోవచ్చు. అదే సమయంలో తల్లో తండ్రో మరో గదిలో తమ గుంపులో కూర్చుంటారు. వర్జీనియాలో కంఫర్ట్ జోన్ క్యాంప్ అని మరొకటి 1999లో మొదలైంది. ప్రారంభించిన లిన్ హ్యూస్ చిన్నతనంలోనే తల్లిని, తండ్రిని పోగొట్టుకున్న మనిషి. వారాంతపు క్యాంపులో ప్రతి బిడ్డకూ తోడుగా ఒక పెద్ద స్నేహితుణ్ణి ఇస్తారు.

అగ్నిపర్వతం గది మాట చెప్తే మనలో కొందరికి నచ్చకపోవచ్చు. దేవుని మీద అలగడం, అరవడం విశ్వాసికి తగునా అంటారు. యోబు పుస్తకం చదవండి. అతని ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని మాట్లాడకుండా ఉన్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచి దేవుని తరఫున వాదించడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి దేవుడు కోప్పడింది అరిచిన యోబు మీద కాదు, వాళ్ళ మీద. "దేవుడు మంచివాళ్ళను ముందుగా తీసుకుంటాడమ్మా" అని మనం ప్రేమతోనే అంటాం. తొమ్మిదేళ్ళ బిడ్డకు వినిపించేది వేరు: దేవుడు మా నాన్నను తీసుకుపోయాడు, రేపు అమ్మను కూడా తీసుకుపోవచ్చు.

యోహాను 11లో మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే ఫిర్యాదు చేశారు, ఆయన ఉండి ఉంటే తమ సహోదరుడు చనిపోయేవాడు కాదని. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ ఏడుస్తుంటే తానూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా! ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే ఓదార్పు పనిచేయదు. అక్క అన్నీ అడుగుతుంది, తమ్ముడు వీడియో గేమ్ ఆడుతూ ఉంటాడు. ఆడుతున్నాడంటే మరిచిపోయాడని కాదు.

మన సంఘాల్లో దీన్ని ఎలా చేయగలం? ఒక్కో సంఘంలో ఇలాంటి పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు, కాబట్టి ఒక్క సంఘం వల్ల కాదు. ఒకే ఊళ్ళో బాప్తిస్టు, లూథరన్, పెంతెకొస్తు, బ్రదరెన్ అని ఎవరి హాలు వాళ్ళు అద్దెకు తీసుకుని కూడుకుంటున్నాం. క్రిస్మస్ కేరల్స్‌కు కలుస్తాం కదా, దీనికీ కలుద్దాం. నడిపించడానికి ఇద్దరు యువకులు కావాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయినవారు, వీలైతే తామే ఇలాంటి నష్టం చూసినవారు. శిక్షణ కోసం దగ్గర్లోని హాస్పిస్‌ను అడగండి. మెడికేర్ గుర్తింపు ఉన్న హాస్పిస్‌లు మరణం తర్వాత ఏడాది వరకు కుటుంబానికి ఆదరణ సేవలు అందించాలి, కాబట్టి ఆ పని తెలిసినవారు అక్కడ ఉంటారు. పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడనివ్వండి. ప్రార్థనతో మొదలుపెట్టండి, కానీ ప్రార్థించమని ఎవరినీ బలవంతం చేయకండి.

ఒక హెచ్చరిక. అక్కడ విన్నది ప్రార్థన అంశంగా మారి వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. "ఫలానా వాళ్ళ అబ్బాయి కోసం ప్రార్థించండి, డిప్రెషన్‌లో ఉన్నాడట" అని ఒక్క మెసేజ్ వెళ్తే ఆ పిల్లవాడు మళ్ళీ మన గుమ్మం తొక్కడు. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని అంటే అది రహస్యం కాదు. నడిపించేవారు వెంటనే ఇంట్లో పెద్దలకు చెప్పాలి, 988కి ఫోన్ గానీ టెక్స్ట్ గానీ చేయాలి. అది ఏ వేళలోనైనా పనిచేసే నంబరు. తోటి పిల్లల ఆదరణ వైద్యానికి బదులు కాదు, కౌన్సెలర్ కావలసిన బిడ్డను కౌన్సెలర్ దగ్గరికే తీసుకువెళ్ళాలి.

తమ్ముడూ, చెల్లీ, ఈ తెలుగు మీకు ఎవరైనా చదివి వినిపిస్తుంటే, ఒక్క మాట. మగదిక్కు నువ్వే అని నీకు చెప్పిన అంకుల్స్ నిన్ను ప్రేమించే చెప్పారు. కానీ ఆ బరువు దేవుడు నీ మీద పెట్టలేదు. విధవరాళ్ళకు న్యాయకర్తను, తండ్రి లేనివారికి తండ్రిని తానేనని ఆయన చెప్పుకున్నాడు. నువ్వు పదో తరగతి పిల్లవాడిగానే ఉండవచ్చు. నీలాంటివాడు ఒకడు నీకు నాలుగు మైళ్ళ దూరంలో ఉండి ఉంటాడు.

ఈ దేశంలో నవంబరు మూడో గురువారం పిల్లల దుఃఖాన్ని గుర్తుచేసుకునే రోజుగా పాటిస్తారు, థాంక్స్‌గివింగ్‌కు సరిగ్గా వారం ముందు. పండగ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉండబోతున్న ఇళ్ళకు అది కష్టమైన వారం. ఆ శనివారం సాయంత్రం మొదటి కూడిక పెట్టుకోగలిగితే బాగుంటుంది. బేస్‌మెంట్ ఉన్నవారు, పిజ్జా తెప్పించగలిగినవారు మీ మీ కాపరులకు చెప్పండి. పిల్లలను దింపేవాళ్ళు తలుపు దగ్గర దింపి వెళ్ళిపోవాలి, పైన టీ తాగుతూ కూర్చుని మెట్ల మీదినుంచి వినడం కుదరదు. ఆ రెండు గంటలు తల్లులు, తండ్రులు వేరే ఇంట్లో కూడుకోండి. పిల్లల ముందు మీరు ఆపుకున్నది కూడా చాలానే ఉంది కదా.

క్రీస్తునందు మీ సహోదరుడు.