బాతు నూగు

హిమాలయాల్లో నాలుగు రోజులు నడుద్దామని వీపున మోసుకెళ్లే బొంత కోసం వెతికాను. బాతు నూగుదా, పాలియెస్టర్‌దా? నూగు తేలిక, గుప్పెట్లో అణుగుతుంది, జాగ్రత్తగా వాడితే ఏళ్లతరబడి వస్తుంది. తడిస్తే మాత్రం ముద్దే. పాలియెస్టర్ తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. కానీ బరువు, త్వరగా చదునైపోతుంది.

నూగు చాలావరకు మాంసానికి కోసిన పక్షులదే. కొన్నిచోట్ల బతికుండగానే పీకుతారు. 2014లో వచ్చిన ‘రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్’ దాన్ని ఒప్పుకోదు. ఆ ముద్ర చూసి కొనవచ్చు. అయినా మాంసం ముట్టని నేను ఆ కోతకు కొంత ధర చెల్లించినట్టు కాదా? పోనీ పాలియెస్టర్ అందామంటే, అది పెట్రోలియం బిడ్డ. దాని పీచు నీళ్లలో చేరుతుంది. మింగే చేపదీ ప్రాణమే. నా కంటికి కనపడదంతే.

చివరికి స్నేహితుడి పాత నూగు బొంత అడిగి తెచ్చుకున్నాను. నాకోసం కొత్తగా ఏ బాతూ చావలేదన్నాను ఇంట్లో.

“మరి ఆయన ఇప్పుడు కొత్తది కొనుక్కోరూ?” అంది మా ఆవిడ.