పడిన చింతమాను ఎవరిది?



పొలము గట్టుననున్న పెద్ద చింతమాను గాలివానకు కూలినదనుకొనుడి. మన కోస్తా జిల్లాలవారికి ఇది క్రొత్త సంగతి కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననాడును, 2014 అక్టోబరు 12న విశాఖపట్నమునొద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుఫానునాడును లెక్కకు మించిన చెట్లు కూలిపోయినవి. మాను పడిన మరునాడు ముగ్గురు దానియొద్దకు వత్తురు. ఒకరు పొలముగల ఆసామి. ఇంకొకరు గొడ్డలి భుజాన వేసికొని వచ్చిన కూలివాడు. మూడవది త్రాడుముక్క చేతబట్టుకొని దూరముగా నిలిచిన పేదరాలు. ఈ మాను ఎవరిది? చట్టమును అడిగినయెడల, ఆసామిదేనని చెప్పును. మనస్సాక్షిని అడిగినయెడల జవాబు అంత త్వరగా రాదు.

మొదట ఆ పని ఎట్టిదో చూడుడి. పడిన చెట్టువలన ఇక భయము లేదనుకొనువాడు మోసపోవును. నేలకు ఆని వంగిన కొమ్మ బిగిసియుండును. ఆ బిగువు తెలియక నరికినయెడల అది విల్లువలె ఎగిరి మనిషిని కొట్టును. ఊతగానున్న కొమ్మను తీసివేసినయెడల మాను దొర్లును. వేళ్లతో లేచిన మానును మధ్యకు కోసినయెడల, పైబరువు తొలగినందున, మన్నుతోకూడిన వేళ్లగడ్డ ఒక్కసారిగా తిరిగి గోతిలోనికి వాలవచ్చును. గనుక ఆ గోతి దగ్గరకు పిల్లలను రానియ్యకూడదు. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఆశ్రయపురములనుగూర్చి చెప్పునప్పుడు చూపబడిన దృష్టాంతము కట్టెలు కొట్టుటయే. అడవిలో గొడ్డలి కామనుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయినయెడల, కొట్టినవాని గతి యేమని అక్కడ విచారింపబడినది. ఈ పని ప్రాణాపాయముతో కూడినదని ఆ కాలపువారికిని తెలియును.

చింతచేవ గొడ్డలి పదునును తినివేయునంత గట్టిది. దాని పీచు ఒకదానిలో నొకటి అల్లుకొనియుండును గనుక తేలికగా చీలదు. కొమ్మలు పుట్టినచోట మరింత మొండితనము. అక్కడ ఇనుప చీలను దిగగొట్టి సమ్మెటతో మోదవలసినదే. ఇప్పుడు మోటారు రంపములు వచ్చినవి గాని, దుంగలను దొర్లించి బండికెత్తుట నేటికిని అనేకచోట్ల మనిషి నడుముమీదనే జరుగుచున్నది. పైగా పచ్చికట్టె బరువులో మూడవవంతు మొదలుకొని సగమువరకు నీరే యుండును. ఆ దినమున కూలివాడు మోసినదానిలో అంత భాగము నీళ్లే. ఆ కట్టె బాగుగా మండవలెనన్న నెలల తరబడి ఆరవలెను.

ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. కొందరు ఆసాములు సాయంకాలము కూలి అడిగినవానితో, “డబ్బు లేదు, రెండు మోపులు కట్టుకొని పో” అందురు. న్యాయముగానే కనబడును. అయితే ఆ పచ్చిపుల్లలతో ఆ రాత్రి అతని పొయ్యిలో పొగయే గాని అన్నము కాదు. బియ్యము కొనుటకు డబ్బు కావలెను. అదే గ్రంథము 24వ అధ్యాయములో, బీదవాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనను ఆజ్ఞ కలదు. అతని ఆశ దానిమీదనే యుండునని కారణముకూడ చెప్పబడినది. కట్టె ఇచ్చుట మంచిదే. కూలి ఇచ్చి, దానిపైని ఇయ్యవలెను.

ఇక దూరముగా నిలిచిన ఆ పేదరాలి మాట. అదే అధ్యాయము చివర, పొలములో మరచిపోయిన పనకొరకు తిరిగి పోకూడదనియు, ఒలీవచెట్టును ఒకసారి దులిపిన తరువాత మరల కొమ్మలు వెదకకూడదనియు, మిగిలినవి పరదేశులకును, తండ్రిలేనివారికిని, విధవరాండ్రకును చెందుననియు ఉన్నది. ఇక్కడ “పంచిపెట్టుము” అని చెప్పక, “వెనుకకు పోకుము” అని చెప్పుటను గమనించితిరా? వీటికి భేదము గొప్పది. పంచిపెట్టినయెడల ఆసామి దాతయగును, ఆమె చేయి చాపవలసివచ్చును. విడిచిపెట్టినయెడల ఆమె తనకు చెందినదానిని తానే వంగి ఏరి, మోపుగట్టి, తలకెత్తుకొని పోవును. రూతు అట్లే పరిగె ఏరుకొనెను. భిక్షమునకును పరిగెకును నడుమ ఒక మనిషి గౌరవము ఉన్నది.

“ఇట్లు విడిచినయెడల రేపు నిలిచియున్న చెట్టునే నరుకుకొనిపోదురు” అని ఒకరు అనవచ్చును. ఆ భయము అకారణము కాదు. అందుచేత హద్దు నోటితో చెప్పవలెను: “దుంగలు, పెద్దకొమ్మలు నావి, చేతిమణికట్టుకంటె సన్ననివన్నియు మీవి.” హద్దు చెప్పని ఆసామి ఏరుకొనువారిని దొంగలను చేయును. చెప్పిన హద్దును కాపాడుట ఏరుకొనువారి ధర్మము.

“గ్యాసు పొయ్యిలు వచ్చినవి, పుల్లలు ఎవరికి కావలెను?” అని మరియొకరు అనవచ్చును. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి అనేక గృహములలో పొగను తగ్గించినవి. తల్లుల కన్నులకును ఊపిరికిని అది మేలే. అయినను బండ అయిపోయి డబ్బు చేతలేని ఇంట ఇప్పటికిని పుల్లలే దిక్కు.

సంఘపెద్దలారా, ఒక్క మాట మీతో. ఒకవేళ మందిరపు ఆవరణలోనే మాను పడినయెడల, అప్పుడు ఆసామి సంఘమే. మాను అమ్మి కప్పు బాగుచేయించుకొనుట తప్పుకాదు. అయితే వేలము పాడుటకు ముందే కొమ్మలను వేరుచేసి, “ఇవి వేలములో లేవు” అని చాటింపుడి. కొన్నవాడు పుల్లలతోసహా ఊడ్చుకొనిపోయిన తరువాత జాలిపడి ప్రయోజనమేమి?

మన హక్కు ఎంతవరకో మనకందరికి తెలియును. హక్కున్నను ఎక్కడ ఆగవలెనో తెలిసికొనుట కష్టము. మాను విషయములోనే కాదు, పంటలోను, బేరములోను, అన్నదమ్ముల పంపకములోను మొదటిసారి తీసికొన్నది మనది. ఇంకేమైన మిగిలినదేమోనని రెండవసారి వెనుకకు తిరుగునప్పుడు, అక్కడ త్రాడుముక్కతో ఎవరు నిలిచియున్నారో ఒకసారి చూడుడి.