ఒకే మాట ఎన్నిసార్లు?

శ్రీరామనవమి దగ్గరపడుతోందంటే మన ఇళ్ళలో రామనామం మొదలవుతుంది. ఈసారి మా ఇంట్లో దానితోపాటు ఒక ప్రశ్న కూడా మొదలైంది. మాలో ఒకరు జపమాల తిప్పుతూనే పొయ్యి మీది పాలవైపు చూడటం గమనించి, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి అడిగింది: "మనసులో లేకుండా నేను నూట ఎనిమిదిసార్లు సారీ చెబితే మీరు ఒప్పుకుంటారా?"

ఈ ప్రశ్న డ్రెస్డెన్‌కు కొత్తదేమీ కాదు. 1539లో ఈ ఊరు లూథర్ మార్గం పట్టింది. ఎక్కువ మాటలు వల్లిస్తే దేవుడు వింటాడనుకోవద్దని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉన్న హెచ్చరికను ఆ మార్గంవారు గట్టిగా పట్టుకున్నారు.

అయితే మన రైల్వే స్టేషన్ నుంచి కాస్త నడిస్తే, 1872-74 మధ్య కట్టిన రష్యన్ ఆర్థొడాక్స్ చర్చి నీలి గుమ్మటాలు కనిపిస్తాయి. ఆ సంప్రదాయంలో ప్రభువు కరుణ కోరే రెండే మాటలను కొన్ని ఆరాధనల్లో వరసగా నలభైసార్లు పలుకుతారు. ఏకాంతంలో చేసే యేసు ప్రార్థన కూడా ఒక్క వాక్యమే: యేసును దేవుని కుమారుడని పిలిచి, పాపినైన నన్ను కరుణించమని అడగటం. లెక్కకు ముడులు వేసిన ఉన్ని తాడు. ఒక రష్యన్ యాత్రికుడి కథ 19వ శతాబ్దం నుంచి ప్రసిద్ధం. అతనికి గురువు రోజుకు 3,000సార్లు చెప్పమని, తరువాత 6,000, ఆపైన 12,000 చేస్తాడు. తొంభై ఆరు కోట్ల రామనామం జపించారని చెప్పుకునే మన త్యాగరాజస్వామి గుర్తుకు రాకమానరు.

"అన్నీ ఒకటేనండీ" అని మనం తేలిగ్గా అనేస్తాం. అది గౌరవంలా కనిపించే బద్ధకమని మాకు అనిపిస్తుంది. రాముడికన్నా రామనామం గొప్పదని మనవాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. వాళ్ళలోనూ కొందరు సన్యాసులు దేవుని నామమే దేవుడన్నారు. 1913లో రష్యా మతాధికారులు ఆ మాటను ఖండించారు. ఏథోస్ కొండ మీద ఉన్న అలాంటి వందలమంది సన్యాసులను రష్యా సైనికులు బలవంతంగా ఓడలెక్కించి తీసుకుపోయారు. మనం హాయిగా నమ్మే మాటకు వాళ్ళు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు.

ఇక అమ్మాయి ప్రశ్న. ముందు పెదవులు, తరువాత బుద్ధి, ఆ తరువాత హృదయం అని రష్యన్ గురువు థియోఫాన్ (1815-1894) బోధ. "అయితే పెదవులతో చెప్పినవన్నీ అబద్ధాలేగా?" అంది. కాదనే మా అభిప్రాయం. అబద్ధం ఎదుటివారిని నమ్మించడానికి చెప్పేది. మనసు రావటం లేదని తెలిసీ కూర్చున్నవాడు ఎవరిని మోసం చేస్తున్నాడు? లెక్క పదిమందికీ చెప్పుకుంటే మాత్రం అది వేరే సంగతి. మేమూ చెప్పుకున్నాం.

ఊళ్ళో మా అమ్మగారు రామకోటి రాసేవారు. పక్షవాతం వచ్చాక మా పేర్లు మరిచిపోయారు, ఫోనులో మా మాట పోల్చుకోరు. పెదవులు మాత్రం "రామ రామ" అంటూనే ఉంటాయి. అది ప్రార్థనా, ఒట్టి అలవాటా అంటే మేము చెప్పలేము.

సగం ఖాళీగా ఉన్న ఆవిడ పుస్తకాన్ని పోయినసారి తెచ్చుకున్నాం. తెలుగు రాయడం రాని మా అమ్మాయి "శ్రీరామ" అన్న మూడక్షరాలు నేర్చుకుంది. మామ్మ ఆపిన చోటునుంచి లెక్క కొనసాగించాలా, ఒకటినుంచి మొదలుపెట్టాలా అని అడుగుతోంది.